పాత తుపాకీని గుర్తుపట్టడం ఎలా: ముందు మరను చూడండి

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వచ్చేవారిలో చాలామంది తుపాకుల పొడవునూ, వాటిపైని వెండి బంగారు నగిషీనీ చూసి ముందుకు సాగిపోతారు. నగిషీ వల్ల యజమాని హోదా తెలుస్తుంది గానీ, ఆ తుపాకీ ఏ కాలానిదో, ఎలా పేలేదో తెలియదు. అవి తెలియాలంటే గొట్టం వెనుక కొసన, మందుకు నిప్పు అందే చోటును చూడాలి. ఆ జానెడు స్థలంలో ఉండే యంత్రాంగమే తుపాకీ మర.

ముందుగా గొట్టం కుడిపక్కన సన్నని రంధ్రం, దాని పక్కనే చిన్న గిన్నె ఉన్నాయేమో వెదకండి. ఉంటే అది జామికీ తుపాకీ గానీ చకుముకి తుపాకీ గానీ అయి ఉంటుంది. రెండింటిలోనూ మందునూ గుండునూ గొట్టం మూతిలోంచి వేసి కడ్డీతో కూరుతారు. గిన్నెలో రంజకం, అంటే మెత్తటి మందు, పోస్తారు. రంజకం అంటుకున్నప్పుడు ఆ మంట రంధ్రంలోంచి లోపలి మందుకు చేరుతుంది.

గిన్నె వెనుక పాము పడగలా వంగి, కొన చీలిన ఇనుప కొక్కెం కనిపిస్తే అది జామికీ తుపాకీ. రగులుతున్న వత్తిని ఆ చీలికలో బిగించి మీట నొక్కితే, కొక్కెం రంజకం మీదికి వంగుతుంది. మన దేశంలో చేసినవాటిలో తక్కిన యంత్రాంగం కర్ర లోపలే దాగి ఉంటుంది. మడమ, అంటే భుజానికి ఆనించే భాగం, సన్నగా, తిన్నగా ఉంటుంది. గొట్టాన్ని కర్రకు పట్టీలతోనో తీగతోనో కట్టి ఉంచుతారు. ఇక్కడ కాస్త ఆగి, రంధ్రం అంచును దగ్గరగా చూడండి. అక్కడి ఇనుము గుంటపడి, తిన్నట్టుగా అరిగి ఉంటే, ఆ తుపాకీ గోడకు వేలాడుతూ బతికినది కాదు, ఎన్నోసార్లు పేలినదే. నాకు ఎంత గొప్ప నగిషీ కంటే కూడా ఆ గుంటే విలువైన సాక్ష్యంగా కనిపిస్తుంది.

1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు, ఆయన పక్షాన ఉన్న పోర్చుగీసువారు ఇటువంటి తుపాకులతోనే గోడల మీది కావలివారిని పడగొట్టారు. గోడను తవ్వే సైనికులకు అందువల్లనే వెసులుబాటు దొరికింది. వాన పడితే వత్తి ఆరిపోతుంది, చీకట్లో దాని నిప్పు శత్రువుకు కనిపిస్తుంది. అయినా యూరప్ దీనిని వదిలేసిన చాలా కాలం తర్వాత కూడా ఇది మన దేశంలో నిలిచింది; చెడితే ఊరి కమ్మరి బాగుచేయగలగడం అందుకు ఒక ముఖ్య కారణం.

కొక్కెం బదులు దవడల మధ్య రాయి పట్టుకున్న గుర్రం (మీట నొక్కితే ముందుకు దూకే సుత్తి లాంటి భాగం), దానికి ఎదురుగా ఉక్కు రేకు ఉంటే అది చకుముకి తుపాకీ. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసిన బ్రౌన్ బెస్ ఈ రకానిదే. దాని గొట్టం లోపలి వ్యాసం ముప్పావు అంగుళం. శిక్షణ పొందిన సిపాయి నిమిషానికి సుమారు మూడుసార్లు కాల్చగలిగేవాడు. వంద గజాలు దాటితే గురి నమ్మదగినది కాదు కాబట్టే, సైనికులను వరుసలుగా నిలబెట్టి ఒక్కసారిగా కాల్పించేవారు. మర పలక (మర భాగాలను బిగించిన ఇనుప రేకు) మీద హృదయాకారపు ముద్ర గానీ సింహం గానీ ఉంటే అది కంపెనీ సొత్తు.

గిన్నె లేకుండా, గుర్రం కింద చిన్న మొన మాత్రమే ఉంటే అది రాగి టోపీతో పేలే తుపాకీ. దెబ్బ తగిలితే పేలే రసాయనాన్ని వాడే పద్ధతికి స్కాట్లండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందాడు. ఆ రసాయనం నింపి మొన మీద తొడిగే రాగి టోపీలు ఆ తర్వాత వచ్చాయి. ఇక్కడ పొరబడే అవకాశం ఎక్కువ. చాలా చకుముకి తుపాకులను తర్వాత టోపీ పద్ధతికి మార్చారు కాబట్టి, మర పలక మీద పూడ్చిన రంధ్రాలు కనిపిస్తే తుపాకీ వయసును ఇంకా వెనక్కి జరపాలి. మూతిలోంచి కూరే ఇటువంటి తుపాకులనే తెలంగాణలో బర్మార్లు అన్నారు. సాయుధ పోరాటంలో దళాలు వీటినీ వాడాయి.

వీలైతే మ్యూజియం సిబ్బందిని అడిగి గొట్టం మూతిని కూడా చూడండి. లోపల మెలికలు తిరిగిన గాళ్లుంటే అది రైఫిల్. 1857లో తిరుగుబాటుకు నిప్పురవ్వ అయిన కొవ్వు పూసిన కాగితపు తూటాలు (చింపి మూతిలోంచే కూరేవి) 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌వి. దాని గొట్టంలో మూడు గాళ్లుంటాయి.

గొట్టం వెనుక భాగమే తెరుచుకుంటే అది వెనుక నుంచి తూటా వేసే తుపాకీ. పక్కకు తెరుచుకునే మూత ఉంటే స్నైడర్ (1866), కింద లివర్ ఉంటే మార్టిని హెన్రీ (1871), కుడిపక్క బోల్టు, కింద పది తూటాల పెట్టె ఉంటే మన పోలీసులు దశాబ్దాలపాటు మోసిన త్రీ నాట్ త్రీ అని అనుకోవచ్చు. మందును ఊళ్లో నూరుకోవచ్చు గానీ, తూటా ఫ్యాక్టరీ నుంచే రావాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి 26 తుపాకులతోపాటు తూటాలను కూడా తీసుకుపోవడానికి కారణం అదే.

పంట కాపలాకూ, బ్యాంకు కాపలాకూ వాడే పన్నెండు బోరు తుపాకీకి గాళ్లుండవు. దాని గొట్టంలో సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు తూచితే ఒక పౌను అవుతాయి. ఆ పేరు అలా వచ్చింది.

ఇంటి అటక మీద ఇటువంటిది దొరికితే మాత్రం మీట నొక్కవద్దు, తుడవవద్దు, మూతిని ఎవరి వైపూ తిప్పవద్దు. తాతల కాలంలో కూరిన మందు బర్మారులో ఇంకా ఉండవచ్చు; పొడిగా ఉంటే అది ఈనాటికీ పేలుతుంది. వాడటానికి గానీ, బాగుచేయడానికి గానీ వీలులేని పురాతన ఆయుధాలకు 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే మీ దగ్గరున్నది ఆ కోవలోకి వస్తుందో లేదో మీరే తేల్చుకోకుండా, దానిని ఉన్నచోటే ఉంచి పోలీస్ స్టేషన్‌కు తెలియజేయండి. ఈలోగా ముట్టుకోకుండానే మర ఉన్న వైపు ఒక ఫోటో, పలక మీది ముద్రలు కనిపించేలా మరొకటి తీసి పెట్టుకోండి.