ఇబాన్ల పొడవాటి ఇంటికి అతిథిగా వెళ్లేముందు

మలేషియాలో, బోర్నియో దీవిమీది సరావాక్ రాష్ట్రంలో ఇబాన్ అనే తెగవారి రుమా పంజాయ్‌కి, అంటే చాలా కుటుంబాలు ఒకే కప్పు కింద ఉండే పొడవాటి ఇంటికి వెళ్లబోతుంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎన్ని తలుపులు? ఒక్కో తలుపు వెనక ఒక్కో కుటుంబం ఉంటుంది. సరావాక్ రాజధాని కూచింగ్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఇది అడగకుండానే బతాంగ్ ఆయ్ నది ఎగువకు పడవెక్కాను. నా చేతిలో ఐదు బిస్కెట్ పొట్లాలు, ఆ ఇంట్లో పద్నాలుగు తలుపులు. ఇంటి పెద్ద, తువాయ్ రుమా, ఆ పొట్లాలు విప్పించి ఒక్కో బిస్కెట్టూ లెక్కపెట్టి అందరికీ సమంగా పంచాడు. అప్పటినుంచి తలుపుల లెక్కన తీసుకెళ్తున్నాను. బియ్యం, పంచదార, కాఫీపొడి ఏదైనా సరే, ఇంటి పెద్ద చేతికే ఇవ్వండి.

వెళ్తున్నట్టు ముందే కబురు పంపండి. ఇంట్లో ఎవరైనా పోయి మైల పాటిస్తుంటే మరో రోజు చూసుకోండి.

చెప్పులు విప్పి అడుగుపెట్టగానే కనిపించే పొడవాటి వసారా పేరు రువాయ్. ఈ ఇంటి ప్రాణమంతా అక్కడే ఉందని నా నమ్మకం. ఒక కొసన చేపల వల అల్లుతుంటారు, మరో కొసన పిల్లలు చదువుకుంటుంటారు, పంచాయితీలూ పెళ్లి మాటలూ అక్కడే నడుస్తాయి. దాన్ని ఆనుకుని వరసగా ఉండే గదులు బిలిక్‌లు. ఎవరి బిలిక్ వారిది. రువాయ్‌లో ఎంతసేపైనా కూర్చోండి కానీ, పిలవనిదే బిలిక్ గడప దాటవద్దు. చాప పరిచారంటే కూర్చోమని అర్థం. వయసు మళ్లిన వారిని ‘అకి’, ‘ఇని’ అని పిలవండి. మన తాత, అవ్వ అన్నట్టే.

బియ్యంతో చేసిన తువాక్ అనే మద్యం ఇస్తారు. తాగని వారు గిన్నె అంచును వేళ్లతో తాకి, ఆ వేళ్లు పెదవులకు ఆనించుకుంటే చాలు. పెట్టిన తిండిని తాకనైనా తాకకుండా వెళ్తే దారిలో కీడు జరుగుతుందని వారి భయం. అందుకే ఈ మర్యాద మరవకండి. శాకాహారులకు అన్నం, మిదిన్ అనే లేత ఫెర్న్ ఆకు వేపుడు బాగుంటాయి. అయితే అందులో రొయ్యల ముద్ద వేస్తారేమో ముందే అడగండి.

తాంజు అనేది వసారా బయటి ఆరుబయలు అరుగు. మన కళ్లాల్లో లాగే అక్కడ ధాన్యం, మిరియాలు ఆరబోస్తారు. ఫొటోల కోసం వాటిని తొక్కుకుంటూ వెళ్లేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. పక్కనుంచి నడవండి.

గవాయ్ దయాక్ పంట పండుగను 1965 నుంచి జూన్ 1న జరుపుకుంటున్నారు. ఆ సమయంలో వెళ్తే రాత్రంతా మేలుకోవడానికి సిద్ధపడండి. మరునాడు బయల్దేరేముందు రువాయ్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి, ప్రతి తలుపు దగ్గరా ఆగి వెళ్లొస్తామని చెప్పండి.