కుక్క లావు తగ్గాలంటే ముందు తిండి కొలిచే ఆ కప్పు పక్కన పడేయండి

"మా వాడు లావు కాదండీ, బొచ్చు ఎక్కువ" అని నేనూ రెండేళ్లు చెప్పుకు తిరిగా. కంటికి తెలీదు, చేత్తోనే చూడాలి. ముందు మీ పిడికిలి బిగించి పైన కణుపులు తడమండి, కుక్క పక్కటెముకలు అంత గట్టిగా తగిలితే బక్కచిక్కినట్టు. చెయ్యి చాపి వెనకవైపు తడిమితే కణుపులు కొంచెం మెత్తగా తెలుస్తాయి కదా, అలా ఉంటే కరెక్ట్. అదే అరచేతి వైపు వేళ్ల మొదట్లో నొక్కినట్టు ఉంటే లావే, ఇంక బొచ్చు మీద తోసెయ్యకండి.

డైట్ మొదలెట్టే ముందు వెట్‌కి ఓసారి చూపించండి, థైరాయిడో కుషింగ్సో (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) ఉంటే తిండి తగ్గించినంత మాత్రాన సరిపోదు. ఎన్ని కిలోలకి రావాలో కూడా ఆయన్నే అడగండి.

ఇక లెక్క. టార్గెట్ 20 కిలోలు అనుకోండి, ఫోన్ కాల్క్యులేటర్‌లో 20×20×20 కొట్టి రూట్ (√) రెండుసార్లు నొక్కి 70తో గుణిస్తే దాదాపు 660 వస్తుంది, రోజుకి అన్ని కేలరీలతో మొదలెట్టొచ్చు. అందులో ట్రీట్లు పదో వంతు దాటకూడదు, అంటే 66, మిగతా 594 తిండికి. ప్యాకెట్ మీద 100 గ్రాములకి 350 కేలరీలు అని ఉంటే గిన్నెలో పడాల్సింది 170 గ్రాములు. కప్పుతో కొలిస్తే ఒక్కో పూట ఒక్కోలా పడుతుంది, వంటింటి కాటా వాడండి. మామూలు తిండినే బాగా కోసేస్తే ప్రోటీన్, విటమిన్లు కూడా తగ్గిపోతాయి, అందుకే చాలా తగ్గించాల్సి వస్తే బరువు తగ్గడానికి చేసిన ఫుడ్డే బెటర్.

వాకింగ్ మంచిదే గానీ, నా అనుభవంలో వాకింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే బరువు కదల్లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కకి అసలే తక్కువ తిండి చాలు.

ఇంత శ్రమెందుకంటారా, 48 లాబ్రడార్లని జతలుగా పెట్టి ఒక స్టడీ చేశారు, తన జత కుక్క కంటే పావు వంతు తక్కువ తిన్నవి సగటున 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. కొవ్వు పెరిగితే ఇన్సులిన్ కూడా సరిగ్గా పనిచెయ్యదు.

వారానికోసారి దాన్ని ఎత్తుకుని బరువు చూసి మీ బరువు తీసెయ్యండి. వారానికి 1–2 శాతం తగ్గితే చాలు. మూడు వారాలైనా కదలకపోతే ఇంట్లోవాళ్లని అడగండి. మా ఇంట్లో అయితే పొద్దున కాఫీ టైంలో నాన్నగారి చేతి కింద నుంచి రోజూ నాలుగు బిస్కెట్లు వెళ్తున్నాయి, "అది అడిగిందిరా" అన్నారు.