మీటర్ బ్రిడ్జి మొరాయిస్తే: తీగ నిరోధకత ప్రయోగంలో తప్పు ఎక్కడుంది?

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడగానే శ్రీకాకుళం జిల్లా ల్యాబుల్లో గాల్వనామీటర్‌కు (కొద్దిపాటి విద్యుత్ ప్రవాహాన్నీ ముల్లుతో చూపే పరికరానికి) తిట్లు మొదలవుతాయి. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. మీటర్ బ్రిడ్జిలో మీటరు పొడవు వంతెన తీగ, రాగి పట్టీల మధ్య రెండు ఖాళీలు ఉంటాయి. ఒక ఖాళీలో తెలిసిన విలువలిచ్చే నిరోధాల పెట్టెను, రెండోదానిలో పరీక్షించే తీగను బిగిస్తాం.

ముల్లు ఒకే వైపు కదులుతోంది

జాకీని (తీగకు తాకించే లోహపు మొనను) వంతెన తీగ ఎడమ చివర ఒకసారి, కుడి చివర ఒకసారి తాకించండి. ముల్లు ఎదురెదురు దిక్కులకు వెళ్లాలి. ఒక చివర కదిలి, రెండో చివర సున్నా దగ్గరే నిలిచిపోతే వలయం తెగినట్టే. ముల్లు ఏ చివర నిలిచిందో దానికి అవతలి ఖాళీలో వెతకండి. నిరోధాల పెట్టె ప్లగ్గులను తిప్పి బిగించండి, మరలు విప్పి తీగ చివరలను గరుకు కాగితంతో రుద్దండి. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి రాగి పట్టీలు త్వరగా మసకబారతాయి కాబట్టి అక్కడ ఈ రుద్దుడు ముందే కానివ్వాలి. అసలు కదలికే లేకపోతే ఘటాన్ని, కీని, గాల్వనామీటర్ తీగలను చూడండి.

సంతులన బిందువు జరిగిపోతోంది

జాకీ తాకినప్పుడు ముల్లు సున్నా చూపే చోటే సంతులన బిందువు. కీ మూసే ఉంచితే పరీక్షించే తీగ వేడెక్కుతుంది. రాగి తీగైతే ఒక్కో డిగ్రీకి నిరోధం సుమారు 0.4 శాతం పెరుగుతుంది. రీడింగు తీసేటప్పుడే కీ మూయండి. జాకీని తాకించండి, ఈడ్చకండి. ఈడిస్తే వంతెన తీగ అరిగిపోతుంది.

ఖాళీలు మార్చితే విలువ మారుతోంది

పెట్టెను, తీగను ఒకదాని ఖాళీలోకి మరొకటి మార్చినప్పుడు జవాబు మారితే, ఇది చివరల నిరోధం (వంతెన తీగ చివర అతుకుల దగ్గరి అదనపు నిరోధం) పని. రెండు విలువల సగటు తీసుకోండి, సంతులనం 40-60 సెం.మీ. మధ్య వచ్చేలా పెట్టెలో విలువ ఎంచుకోండి.

సంతులనం బాగుంది, జవాబు తప్పు

నిక్రోమ్‌కు నిరోధకత (తీగ పొడవు, మందాలతో పనిలేకుండా పదార్థానికే చెందిన గుణం) సుమారు 1.1×10⁻⁶ ఓమ్ మీటర్ రావాలి. 4.4×10⁻⁶ వచ్చిందంటే వ్యాసార్ధం బదులు వ్యాసాన్ని వర్గం చేశారు. కొద్దిపాటి తేడా అయితే వ్యాసం కొలిచే స్క్రూగేజిని అనుమానించండి. మధ్యలో సంతులన బిందువును 1 మి.మీ. తప్పు చదివితే నిరోధంలో దోషం 0.4 శాతమే. 0.30 మి.మీ. వ్యాసాన్ని 0.01 మి.మీ. తప్పు చదివితే మాత్రం నిరోధకతలో దాదాపు 7 శాతం దోషం వస్తుంది. అయినా విద్యార్థులు గంటసేపు జాకీతో కుస్తీ పట్టి, వ్యాసాన్ని ఒక్కచోటే కొలిచి ఊరుకుంటారు! శూన్యాంశ దోషం (గేజిని పూర్తిగా మూసినా సున్నా చూపకపోవడం) సరిచేసి, రాచెట్‌తోనే (గేజి చివరి పిడితోనే) తిప్పుతూ, నాలుగైదు చోట్ల, ప్రతి చోటా లంబంగా ఉన్న రెండు దిశల్లో కొలవండి. తీగ మెలికలు తీసి, రెండు మరల మధ్య ఉన్న పొడవునే లెక్కలోకి తీసుకోండి. మర కింద నలిగిన ముక్కను కలపకూడదు.