హైదరాబాద్‌లో గైడెడ్ టూర్ ప్లాన్ చేస్తున్నారా? ముందు ఇది చదవండి

ఊర్నుంచి చుట్టాలు రాగానే మనం చేసే పని, పొద్దున్నే సిటీ టూర్ బస్సు ఎక్కించేయడం. పెద్దవాళ్లున్నప్పుడు బస్సు సుఖమే, పార్కింగ్ గోల ఉండదు, కానీ చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ కోట అన్నీ ఒక్కరోజులో ఇరికిస్తే దిగడం ఎక్కడంతోనే సరిపోతుంది. నన్నడిగితే రెండ్రోజులు పెట్టుకోండి, ఒకరోజు పాతబస్తీ, ఇంకోరోజు గోల్కొండ. బస్సే కావాలంటే మాత్రం బుక్ చేసేముందు ఎంట్రీ టికెట్లు ప్యాకేజీలో ఉన్నాయా, మ్యూజియం దగ్గర ఎంతసేపు ఆపుతారు అనే రెండూ అడగండి.

శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండూ ఆరోజు సెలవు, మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజ్ రద్దీ కూడా ఉంటుంది.

గైడ్ విషయానికొస్తే టూరిజం శాఖ ఐడీ కార్డు ఉన్నవాళ్లనే పెట్టుకోండి, రేటు ఎంత, ఎన్ని గంటలు, మొత్తం గ్రూపుకా మనిషికా అన్నది గేటు బయటే తేల్చుకోండి. తెలుగులో చెప్తారా అని కూడా అడగండి, ఇంట్లో పెద్దవాళ్లకి హిందీలో చెప్తే సగం పోతుంది పాపం.

పాతబస్తీ రోజు చార్మినార్‌తో మొదలుపెట్టండి, షాపులు పూర్తిగా తెరవకముందే జనం తక్కువ. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడన్నది అందరూ చెప్తారు గానీ, నాలుగువైపులా ఉన్న గడియారాలు చూపించమనండి, అవి 1889లో పెట్టినవి, కట్టడంతో పాటు వచ్చినవి కావు. ఇక్కణ్ణుంచి గోల్కొండకి సొరంగం ఉందని కూడా చెప్తారు, అది జనం నోట నడిచే కథ, కథగా విని ఆనందించండి.

అక్కణ్ణుంచి ఆటోలో సాలార్‌జంగ్. పన్నెండుకి ఓ ఇరవై నిమిషాల ముందే మ్యూజికల్ క్లాక్ ముందు కుర్చీ పట్టుకోండి. గంట కొట్టే టైమ్‌కి ఓ చిన్న గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి ఎన్నయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికెళ్తుంది, అందుకే పన్నెండింటికి వెళ్లమంటున్నా, పన్నెండు దెబ్బలూ వినొచ్చు. పక్కనే ఇంకో బొమ్మ సెకను సెకనుకీ సుత్తితో కొడుతూనే ఉంటుంది, దాన్ని చాలామంది గమనించరు. తర్వాత ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన వెయిల్డ్ రెబెక్కా (ముసుగేసుకున్న రెబెక్కా) విగ్రహం దగ్గర కాసేపు నిలబడండి, పాలరాయిలోంచే పల్చటి ముసుగు, ఆ ముసుగులోంచి మొహం కనిపిస్తాయి, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్ (ఫౌస్ట్ నాటకంలో దెయ్యం), వెనక మార్గరెట్టా (అందులోని అమ్మాయి) ఉన్న బొమ్మకి వెనకాల అద్దం పెట్టారు, అద్దంలో కూడా చూడండి. మిగతా గ్యాలరీల్లో మీకిష్టమైనవి నాలుగైదు ఎంచుకోండి, అన్నీ తిరగాలనుకుంటే కాళ్లు పీకడం తప్ప ఏం గుర్తుండదు.

భోంచేసి చౌమహల్లాకి వెళ్లండి, దర్బార్ హాల్ షాండ్లియర్లు, నిజాంల పాత కార్లు చూసుకుని, లాడ్ బజార్ మీదుగా నడుస్తూ లక్క గాజులు బేరం చేస్కుంటూ వచ్చేయొచ్చు.

గోల్కొండకి ఎండ తగ్గాక మధ్యాహ్నం మీద వెళ్లండి. గైడ్ కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడతాడు, మీలో ఒకర్ని ముందే కోట పైకొసన ఉన్న బాలాహిస్సార్‌కి పంపండి, అక్కడికి వినబడుతుందో లేదో వాళ్లే చెప్తారు, పిల్లలకైతే పండగే. శత్రువు వస్తే పైకి కబురు అందడానికి చేసిన ఏర్పాటది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గానీ ఈ కోటని తీసుకోలేకపోయాడు. రామదాసు బందీఖానా మాత్రం వదలొద్దు, భద్రాచలం గుడి కట్టించినందుకు తానీషా హయాంలో ఆయన్ని పెట్టిన చోటు, గోడ మీద చెక్కిన రాముడు, హనుమంతుడి బొమ్మలు దగ్గరగా చూపించమనండి.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఏరోజు తెలుగులో ఉందో కౌంటర్లో కనుక్కుని టికెట్ తీస్కోండి, దోమలకి క్రీమ్ మర్చిపోవద్దు, షో వదిలాక అందరూ ఒకేసారి బయటికొస్తారు కాబట్టి తిరిగెళ్లడానికి బండి ముందే మాట్లాడి పెట్టుకోండి.