అంటువ్యాధికి కంప్యూటర్ మోడల్ కట్టడం ఎలా? ఎక్సెల్ చాలు, తొందర మాత్రం వద్దు

కరోనా వచ్చిన 2020 నుంచి నన్ను విసిగిస్తున్న గ్రాఫ్ ఒకటుంది. రోజువారీ రోగుల లెక్కలకు నాలుగు చుక్కలు, వాటి మీదుగా నున్నగా పాకే ఎర్ర గీత, పక్కన 'ఫలానా తేదీకి పీక్' అని ఒక ముక్క. గీత చుక్కలకు అతికింది కాబట్టి మోడల్ కరెక్టేనని గీసినవాళ్ల ధీమా. గీతను అతికించడం పది నిమిషాల పని, ఎవరైనా చేస్తారు. అదే చుక్కలకు ఇంకెన్ని గీతలు అంతే బాగా అతుకుతాయో చూసేవాళ్లే కనపడరు. అందుకే ఇది మొదటి నుంచి రాస్తున్నాను.

కావలసినవి

ఎక్సెల్ గానీ ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ గానీ. అంతే. ప్రోగ్రామింగ్ భాష పైథాన్ వచ్చినవాళ్లు కూడా మొదటి మోడల్ షీట్‌లోనే కట్టాలి. ప్రతి అంకె కళ్లెదుట ఉంటుంది, తప్పు ఏ వరుసలో మొదలైందో వేలు పెట్టి చూపించవచ్చు.

1. లెక్కలు దించుకోండి

మొదటిసారి చేసేవాళ్లు మన రాష్ట్రం డేటాతో మొదలుపెట్టకండి. టెస్టులు పెరిగాయా తగ్గాయా, ఆదివారం లెక్క సోమవారం కలిపారా అన్న గొడవల్లో మునిగిపోతారు. నేను ఎవరికి నేర్పినా 1978 ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూల్ ఫ్లూతోనే మొదలుపెడతాను. ఒకే బడి, 763 మంది మగపిల్లలు, రెండు వారాల్లో కథ మొత్తం అయిపోయింది. ఆ మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. జనవరి 22 నుంచి ఫిబ్రవరి 4 వరకు రోజూ ఎంతమంది మంచం మీద ఉన్నారో ఇదీ: 3, 8, 26, 76, 225, 298, 258, 233, 189, 128, 68, 29, 14, 4. ఇంకోచోట ఈ అంకెలు కాస్త అటూ ఇటూగా కనిపిస్తే కంగారు పడకండి. పత్రికలో అచ్చయింది గ్రాఫ్, దాన్ని చూసి ఎవరికి తోచినట్టు వాళ్లు అంకెలు రాసుకున్నారు.

2. మూడు కాలమ్‌లు

సోకనివాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్లు. మొదటి వరుసలో 760, 3, 0. ఇక్కడ రెండు అంకెలు కావాలి: జబ్బు ఎంత వేగంగా అంటుకుంటుందో చెప్పేది బీటా, రోజుకు రోగుల్లో ఎంత వాటా కోలుకుంటుందో చెప్పేది గామా. కొత్తగా సోకేవాళ్ల సంఖ్య కోసం బీటాను సోకనివాళ్లతో, సోకినవాళ్లతో గుణించి 763తో భాగించండి. కోలుకునేవాళ్ల కోసం సోకినవాళ్లను గామాతో గుణించండి. ఒక వరుస నుంచి కింది వరుసకు గడిచే సమయాన్ని మెట్టు అందాం. రెండింటినీ ఒక్కో మెట్టు ఎన్ని రోజులో దానితో గుణించి, కింది వరుసలో కొత్తగా సోకినవాళ్లను మొదటి కాలమ్‌లోంచి తీసి రెండోదాంట్లో, కోలుకున్నవాళ్లను రెండోదాంట్లోంచి తీసి మూడోదాంట్లో కలపండి. బీటా, గామా వేరే సెల్స్‌లో ఉండాలి, వాటికి డాలర్ గుర్తు పెట్టడం మరిచిపోకూడదు. లేకపోతే ఫార్ములా కిందికి లాగగానే బీటా ఖాళీ సెల్‌లోకి జారిపోతుంది, జబ్బు రెండో వరుసలోనే ఆగిపోతుంది. నాలుగో కాలమ్‌లో మూడూ కూడండి. ఏ వరుసలోనైనా 763 రాకపోతే ముందుకు కదలొద్దు.

ఈ సమీకరణాలు 1927 నాటివి. రాసినవాళ్లు స్కాట్లండ్ శాస్త్రవేత్తలు కెర్మాక్, మెకెండ్రిక్. మెకెండ్రిక్‌ను లెక్కల వైపు తిప్పింది రోనాల్డ్ రాస్. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసినాయనే. దోమలన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దుకు దిగువకు తెస్తే మలేరియా దానంతటదే ఆగిపోతుందని ఆయన కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. ఇక 1927 పేపర్లో ఈ ఇద్దరూ 1905–06 బొంబాయి ప్లేగు మరణాలకు తమ గీతను అతికించారు. చక్కగానే అతికింది. కానీ ప్లేగు ఎలుకల నుంచి వచ్చే జబ్బు, మా ఊహలు ఇక్కడ పూర్తిగా వర్తించవు అని కూడా అందులోనే రాసుకున్నారు. ఈ మాట ఇప్పటివాళ్లు ఎంతమంది రాస్తున్నారు?

3. మెట్టు చిన్నదిగా ఉండాలి

రోజుకు 20 వరుసలు, అంటే మెట్టు 0.05 రోజు. రోజుకు ఒక్క వరుసే పెడితే ఏమవుతుందో చూడండి. బీటా 1.66, గామా 0.44 అనుకుందాం. మొదట్లో జబ్బు రోజుకు దాదాపు 3.39 రెట్లు కావాలి. ఒక్క వరుసతో చేస్తే 2.22 రెట్లే వస్తుంది, 20 వరుసలతో 3.27 వస్తుంది. ఒక్క వరుసతో కట్టి బీటా తక్కువైందని పెంచుకుంటూ పోయేవాళ్లుంటారు. తప్పు బీటాది కాదు, మెట్టుది.

4. బీటా, గామా తేల్చడం

బండి బోల్తా పడేది ఇక్కడే. మిగతా భాగాలన్నీ పరుగెత్తి దాటినా ఫర్వాలేదు, ఇక్కడ మాత్రం కూర్చుని చదవండి.

మొదటి చిక్కు. జబ్బు పెరుగుతున్న రోజుల్లో గ్రాఫ్ మీకు ఒకే ఒక్క సంగతి చెబుతుంది: బీటాలోంచి గామా తీసేస్తే ఎంత అని. విడివిడిగా ఏది ఎంతో చెప్పదు. పై డేటాలో మొదటి ఐదు రోజులు చూడండి, రోజుకు ఇంచుమించు మూడు రెట్లు. అంటే ఆ తేడా 1.1 చుట్టుపక్కల ఉంది. ఇప్పుడు మీ షీట్‌లో బీటా 1.43, గామా 0.33 పెట్టండి. పక్క షీట్‌లో బీటా 2.1, గామా 1.0 పెట్టండి. తేడా రెండింటికీ 1.1. మొదటి రెండు మూడు రోజులు ఏ గీత ఏదో గుర్తుపట్టలేరు. ఆ తర్వాత మొదటిది 330 దగ్గరికి ఎక్కుతుంది, రెండోది 130 దగ్గరే చతికిలబడుతుంది. పీక్ రాకముందే పీక్ ఎంతో చెప్పినవాళ్లు ఈ రెండింట్లో ఏది పట్టుకున్నారో, ఎందుకు పట్టుకున్నారో అడగండి. చాలాసార్లు జవాబు 'సాల్వర్ ఇచ్చింది' అని వస్తుంది. సాల్వర్ అంటే గీత చుక్కలకు బాగా అతికే అంకెలను తానే వెతికిపెట్టే ఎక్సెల్ సదుపాయం.

సాల్వర్ బటన్ నాకు గిట్టదు. రెండు అంకెలూ దానికి వదిలేస్తే ఏదో ఒకటి తెచ్చి చేతిలో పెడుతుంది, పక్కనే అంత మంచి జవాబులు ఇంకో వంద ఉన్నాయని మాత్రం చెప్పదు. రూలు ఇది: గామా బయటి నుంచి రావాలి. రోగి ఎన్నాళ్లు జబ్బును అంటించగలడో డాక్టర్లను అడగండి, అలాంటి అధ్యయనాలు చూడండి. ఆ రోజులతో ఒకటిని భాగిస్తే గామా. తర్వాత బీటాను చేత్తోనే 0.05 చొప్పున కదుపుతూ గీతను చూడండి. చుక్కల మీదుగా ఎక్సెల్ దానంతటదే గీసే ట్రెండ్‌లైన్ పెట్టి ఆరో డిగ్రీ బహుపది (పాలినోమియల్) గీసేవాళ్ల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. డేటా దాటి రెండు రోజులు ముందుకు పొడిగిస్తే అందులో రోగుల సంఖ్య మైనస్‌లోకి పోయినా ఆశ్చర్యపోను.

రెండో చిక్కు ఇంతకంటే పెద్దది. మీ కాలమ్ పేరు 'సోకినవాళ్లు', డేటా చెప్పేది 'మంచం మీద ఉన్నవాళ్లు'. రెండూ ఒకటేనని అనేసుకోవడం ఎంత సులువో చూడండి, చాలా పాఠాల్లోనూ అలాగే చేస్తారు. పైన అనుకున్న బీటా 1.66, గామా 0.44 ఈ బడి డేటాకు వాడుకలో ఉన్న అంకెలే. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 3.8 దాకా వస్తుంది. పీక్ 293, చుక్కల మీద అందంగా కూర్చుంటుంది. అందరూ అక్కడే ఆగిపోతారు. మీరు ఆగకండి, చివరి వరుసకు దిగి ఎంతమంది కోలుకున్నారో చూడండి. దాదాపు 744. బడిలో నిజంగా మంచం పట్టింది 512 మంది.

ఈ 512 నిజమని పట్టుకుని, దానికి సరిపడా అంకెలు పెట్టి చూడండి. బీటాను గామాతో భాగిస్తే వచ్చిన ఆ 3.8 దాదాపు 1.65కు పడిపోతుంది, పీక్ 70 చుట్టుపక్కలే ఆగిపోతుంది. డేటాలో 298 ఉంది! ఒకే బడి, ఒకే జబ్బు, రెండు ప్రశ్నలు వేస్తే మోడల్ రెండు లోకాలు చూపిస్తోంది.

ఇంకో చిన్న కూడిక. డేటాలోని 14 అంకెలూ కలిపితే 1550 పైచిలుకు. దాన్ని 512తో భాగిస్తే ఒక్కో పిల్లాడు సగటున మూడు రోజులు మంచం మీద ఉన్నట్టు. గామా 0.44 అంటే రెండుంపావు రోజులే. ఇలా అతికించిన మోడల్ చేసింది ఏంటంటే, ఎక్కువమందికి సోకించి, ఒక్కొక్కరిని తొందరగా లేపేసి, మొత్తానికి లెక్క సర్దేసింది.

744కూ 512కూ మధ్య ఉన్న ఈ తేడాకు రెండు వివరణలు ఉండొచ్చు. కొందరికి ముందే రోగనిరోధక శక్తి ఉందేమో. లేదా కొందరికి సోకినా మంచం పట్టేంత రాలేదేమో. చుక్కలను ఎంత సేపు చూసినా ఏది నిజమో తేలదు, బయటి సమాచారం కావాలి. ఆ ఫ్లూ హెచ్1ఎన్1 రకం. 1957లో కనుమరుగై 1977లో మళ్లీ తేలింది. అంటే బళ్లో ఉన్న పిల్లల్లో ఎవరూ అంతకుముందు దాన్ని చూసినవాళ్లు కారు. నా మొగ్గు రెండో వివరణకే.

కాబట్టి ఇంకో కాలమ్ కట్టండి, 'మంచం మీద'. సోకినవాళ్లలో ఒక వాటా అందులోకి వెళ్తుంది, మిగతావాళ్లు నేరుగా కోలుకున్నవాళ్లలో కలుస్తారు. మంచం మీద గడిపేది మూడు రోజులు, అది డేటాలోంచే తీశాం కాబట్టి దాన్ని కదపొద్దు. మంచం పట్టినవాళ్లు ఇక అంటించరని ఊహ, ఆ ఊహను షీట్‌లో పైనే తెలుగులో రాసి పెట్టండి. చుక్కలను పోల్చాల్సింది ఇక ఈ కాలమ్‌తోనే. నాలుగో కాలమ్‌లో పెట్టిన కూడికలోకి దీన్నీ చేర్చడం మరవొద్దు.

5. సగం దాచి చూడండి

జనవరి 26 తర్వాతి అంకెలను వేరే షీట్‌లోకి తీసేయండి. మిగిలిన ఐదింటితో అంకెలు తేల్చి, గీతను ఫిబ్రవరి 4 దాకా పొడిగించి, అప్పుడు దాచినవి పక్కన పెట్టండి. ఒక్క గీత గీయకూడదు. గామాకు సాధ్యమైన కనిష్ఠం, గరిష్ఠం తీసుకుని రెండు గీతలు గీసి, మధ్యలో బూడిద రంగు నింపాలి. డేటా చుక్కలుగానే ఉండాలి, చుక్కలను కలుపుతూ గీత గీస్తే నేను ఆ ఫైల్ తెరవను.

6. ఎవరికైనా పంపేముందు

గ్రాఫ్ ఫొటో పంపొద్దు, షీట్ పంపండి. మొదటి పేజీలో మూడు సంగతులు ఉండాలి: అంకెలు ఎవరిని లెక్కపెట్టాయి, గామా ఎక్కడి నుంచి తెచ్చారు, మెట్టు సగం చేస్తే పీక్ ఎంత మారింది. మూడోది ఐదు మందికి మించి మారితే వరుసలు రెట్టింపు చేసి మళ్లీ కట్టండి.