ఇంగ్లీషూ థాయ్ ఒకేసారి – 7వ పాఠం: డాబు మాటలు, మోటు మాటలు

పోయిన పాఠం చివర ఒక వాక్యం ఇచ్చి వదిలేశాను, గుర్తుందా? "పెళ్లికి ఆయన వేసుకొచ్చిన చొక్కా మరీ ఎబ్బెట్టుగా ఉంది." దీన్ని ఇంగ్లీషులోకీ థాయ్‌లోకీ మార్చమన్నాను. ఇంగ్లీషులో వల్గర్ అని రాసి, డిక్షనరీలో దానికెదురుగా కనిపించిన యాప్ ఖాయ్ అన్న మాటని థాయ్‌లో పెట్టేసుంటే మొదటిదానికి సగం మార్కులు, రెండోదానికి సున్నా. యాప్ అంటే గరుకు. ఇసుక గరుగ్గా ఉన్నా యాపే, అరచెయ్యి బండబారినా యాపే. ఖమ్ యాప్ అంటే బూతుమాట. యాప్ ఖాయ్ అనేది నోరు మంచిది కానివాడి గురించీ, మొరటుగా ప్రవర్తించేవాడి గురించీ అనే మాట. చొక్కాకి నోరెక్కడిది?

నేనూ మొదట్లో ఇదే తప్పు చేశాను. ఇంగ్లీషు వల్గర్ ఒక పెద్ద సంచీ లాంటిది. అందులో బూతు జోకూ పడుతుంది, పది వేళ్లకి పది ఉంగరాలూ పడతాయి, భోజనాల దగ్గర జీతం ఎంతని అడగడం కూడా పడుతుంది. థాయ్‌లో అన్నిటికీ సరిపోయే ఒక్క సంచీ లేదు. కాబట్టి మాట వెతికే ముందు మనల్ని మనం ఒకటడగాలి: ఇప్పుడు తప్పు పడుతున్నది వస్తువునా, మనిషి చేసే పనినా, లేక ఆ మనిషి పుట్టుకనా? ఈ పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

కంటికి కొట్టేవి

ఇంగ్లీషులో గాడీ అంటే రంగులెక్కువ, మెరుపెక్కువ, చూస్తే కొంచెం నవ్వొస్తుంది. గేరిష్ అంటే నవ్వు కూడా రాదు, కళ్లు మూసుకోవాలనిపిస్తుంది, రాత్రిపూట బార్ ముందు వెలిగే ఊదారంగు బోర్డుని గుర్తు తెచ్చుకోండి. ఫ్లాషీలో ఖరీదు కూడా కలుస్తుంది, కారో వాచీయో, నన్ను చూడు నన్ను చూడు అంటుంటుంది. లౌడ్ అనేది అసలు శబ్దానికి చెందిన మాట, చొక్కా రంగుకి వాడతారు. ఇదేదో వింత అనుకోకండి, మన ఆడంబరం కూడా సంస్కృతంలో ఒక రకం భేరి పేరే, ఆ మోతలోంచే ఇవాళ్టి అర్థం వచ్చింది.

టాడ్రీ దగ్గర మాత్రం కాస్త ఆగుదాం, దీని కథ బాగుంటుంది. ఇంగ్లండులో ఈలీ అనే ఊళ్లో ఒక మఠం ఉండేది. దాన్ని స్థాపించిన రాణి, తర్వాత సన్యాసిని అయిన ఆమె, 679లో మెడ మీద గడ్డ లేచి చనిపోయింది. వయసులో ఉండగా మెడనిండా హారాలు వేసుకున్నందుకు దేవుడు వేసిన శిక్ష ఇది అని ఆమే అనుకుందని పాత చరిత్రకారుడు బీడ్ రాశాడు. జనం ఆమెని సెయింట్ ఆడ్రీ అనేవాళ్లు. ఏటా అక్టోబరు 17న ఆమె పేరు మీద తిరణాల జరిగేది, అందులో మెడకి కట్టుకునే పట్టు లేసులు అమ్మేవాళ్లు. సెయింట్ ఆడ్రీ లేసు అని గబగబా పది సార్లు అని చూడండి, మొదటి మాట చివరి ట వెళ్లి రెండో మాటకి అతుక్కుని టాడ్రీ లేసు అయిపోతుంది. పోనుపోనూ ఆ మాట చవకబారు తళుకుకి పేరైపోయింది. హారాల మీద విరక్తితో పోయిన మనిషి పేరు చివరికి తిరణాల తళుకులకి అంటుకోవడం నాకు ఎప్పుడూ కొంచెం బాధగానే ఉంటుంది.

థాయ్‌లో ఈ గుంపు మొత్తానికీ ముందు నేర్చుకోవాల్సింది ఒక్కటే: ఛూత్‌ఛాత్. రెండు ముక్కలూ కింది స్వరంలోనే పలకాలి. మన ధగధగ, జిగేల్‌జిగేల్ లాగా జంటమాట, ఎక్కువగా రంగుల గురించే. సీ ఛూత్‌ఛాత్ అంటే కొట్టొచ్చినట్టుండే రంగు. మొహం మీద అనాల్సొస్తే వెనకాల పై నొయ్ చేర్చండి. పై అంటే అతి, నొయ్ అంటే కాస్త. "ఛూత్‌ఛాత్ పై నొయ్" అంటే "మరీ కొంచెం ఎక్కువ మెరుస్తోందేమో" అన్నంత మెత్తగా ఉంటుంది.

బాంకాక్‌లో ఫాహురాత్ అని గుడ్డల బజారుంది, మనవాళ్లు లిటిల్ ఇండియా అంటారు. పట్టు, జరీ, చమ్కీ, నాట్యం దుస్తులు, పెళ్లి బట్టలు అన్నీ అక్కడే. ఒక కొట్లో ఆవిడ నాకు ముదురు గులాబీ మీద వెండి చమ్కీల గుడ్డ పరిచింది. "ఫీ, ఛూత్‌ఛాత్ పై నొయ్ ఖ్రప్" అన్నాను. ఫీ అంటే అక్కయ్య లాంటి పిలుపు, ఖ్రప్ మన 'అండీ'. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా నవ్వి "లికే!" అంది. లికే అంటే వాళ్ల పల్లె నాటకం, నటులు తలకి రాళ్ల పట్టీలూ ఒంటినిండా తళుకులూ వేసుకుని ఆడతారు, చూసేవాళ్లు నచ్చిన నటుడి మెడలో నోట్లు గుచ్చిన దండ వేస్తారు. ఎవరైనా అతిగా ముస్తాబయితే లికే లాగా ఉన్నావంటారు. మన "ఏంట్రా ఆ డ్రామా కంపెనీ వేషం" ఉంది చూశారా, అచ్చం అదే.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆవిడ నిజంగా మంచి పట్టు తీసింది, అంచంతా సన్నటి పని. పని ఎంత విస్తారంగా ఉందో అని మెచ్చుకుందామని, విస్తారానికి థాయ్ రూపం తెలుసు కదా అన్న ధీమాతో "ఫిత్సదాన్" అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. గుడ్డని తిప్పి చూసుకుంది, ఎక్కడ తేడాగా ఉందని అడిగింది. ఎందుకంటే ఫిత్సదాన్ మన విస్తారమే అయినా అక్కడ మామూలు మాటల్లో వింతగా, విడ్డూరంగా ఉందని అర్థం. పక్కనున్న ముసలాయన వచ్చి గుడ్డ ముట్టుకుని "విచిత్" అన్నాడు. విచిత్రం అంటున్నాడు, ఇక అమ్మకం పోయినట్టే అనుకున్నాను. ఆవిడ మాత్రం వెలిగిపోయింది. విచిత్ అంటే వాళ్లకి సన్నటి పనితనంతో అందంగా ఉన్నదని! అంటే మన విస్తారం అక్కడికెళ్లి విచిత్రమైంది, మన విచిత్రం అక్కడికెళ్లి అందమైంది. చుట్టం పేరే కదా అని లోపలికి పిలిచేముందు మొహం ఒకసారి చూసుకోవాలి. అలంకారం కూడా అంతే, అలంకాన్ అంటారు, కానీ బొట్టూ కాటుకా గురించి కాదు, కళ్లు చెదిరేంత భారీగా ఉన్నదాన్ని అంటారు. (చివరి ర, ల రెండూ థాయ్‌లో న అయిపోతాయని మూడో పాఠంలో చెప్పుకున్నాం. స, ద లాంటివి త అవుతాయి. ఈ రెండూ మర్చిపోతే ఈ పాఠంలో సగం మాటలు గుర్తుపట్టలేరు.)

ఫ్లాంబోయంట్ తిట్టు కాదు, సగం మెప్పే. ఫ్రెంచిలో మంట అన్న మాటలోంచి వచ్చింది. ఎండాకాలంలో రోడ్డు పక్కన ఎర్రగా విరగబూసే మన తురాయి చెట్టుకి ఇంగ్లీషులో ఇదే పేరు. థాయ్‌లో దాన్నే హాంగ్ నోక్ యూంగ్ ఫరాంగ్ అంటారు, తెల్లవాళ్ల నెమలితోక అన్నమాట. మనిషి గురించి ఫ్లాంబోయంట్ అన్నప్పుడు ఆ చెట్టుని తలుచుకోండి, ఎక్కడ వాడాలో తెలిసిపోతుంది.

చూపించుకునే పని

ఇక్కడ థాయ్ చాలా సుళువు. ఉఅత్ అంటే చూపించుకోవడం, గొప్పలు పోవడం. దాని వెనక ఏది చేరిస్తే అది: ఉఅత్ రుఅయ్ అంటే డబ్బు చూపించుకోవడం, ఉఅత్ రూ అంటే అన్నీ తనకే తెలుసన్నట్టు పోజు. ఉఅత్ దీ అంటే మంచిని చూపించుకోవడం కాదు, పొగరు. ముందు ఖీ చేరిస్తే ఖీ ఉఅత్, ఎప్పుడూ అదే అలవాటున్నవాడు, మన బడాయికోరు. ఖీ అన్నది విడిగా అయితే మలం. కానీ పిసినారి, సోమరి, సిగ్గరి అందరికీ వాళ్లు ముందు ఖీ తగిలించేస్తారు, ఎవరూ ముక్కు మూసుకోరు.

ఇంగ్లీషులో మాత్రం రెండు మాటల మధ్య గోడ కట్టుకోవాలి. ఆస్టెంటేషస్ అయినవాడికి నిజంగానే ఉంది, ఉన్నదాన్ని ఊరంతా చూడాలి. ప్రిటెన్షస్ అయినవాడికి లేదు, ఉన్నట్టు నటిస్తాడు, ఎక్కువగా చదువూ అభిరుచీ విషయంలో. మొదటివాడికి థాయ్‌లో ఉఅత్ రుఅయ్, రెండోవాడికి దత్‌చరిత్. దత్ అంటే వంచడం, చరిత్ మన చరితమే. నడతని వంచుకుని తిరిగేవాడు! ఎవరు కట్టారో గానీ ఇంత చక్కటి మాట ఇంగ్లీషులో లేదని నా పక్షపాతం. కానీ ఇది ఘాటు మాట, స్నేహితుల మధ్య తప్ప వాడకండి. మామూలుగా అయితే వెర్ అనండి, ఇంగ్లీషు ఓవర్‌కి తల తీసేస్తే మిగిలింది. మన "ఓవర్ చెయ్యకు"కి సరిగ్గా అదే.

డబ్బు మీద సామెతలకి వాళ్లు మనకి ఏమాత్రం తీసిపోరు. "ఖాంగ్‌ఖోక్ ఖున్ వో" అంటే కప్ప పల్లకీ ఎక్కింది అని, మామూలు కప్ప కాదు, ఒళ్లంతా బుడిపెలుండే గోదురుకప్ప. ఈ సామెతకి తోక కూడా ఉంది: తూనీగ లోలాకులు పెట్టుకుంది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట అని మనం ఎవర్ని అంటామో వాళ్లనే. ఇంకోటి, తొండకి బంగారం దొరికినట్టు. ఇది బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన మహోసధ జాతకంలోది: రాజుగారు రోజూ మాంసం పెట్టించే తొండకి, మాంసం దొరకని ఒక ఉపవాసం నాడు సేవకుడు నాణెం తెచ్చి మెడకి కడతాడు, ఆ పూట నుంచి అది రాజుని చూసి తల వంచడం మానేస్తుంది. కొత్తగా వచ్చినది "సామ్‌లో థూక్ హుఅయ్", రిక్షావాడికి లాటరీ తగిలింది. ఇంగ్లీషువాళ్లు ఇలాంటివాణ్ని ఫ్రెంచి మాట అరువు తెచ్చుకుని నూవో రీష్ అంటారు, తిట్టడానికి కూడా దిగుమతే. థాయ్‌లో సేత్‌థీ మై, మై అంటే కొత్త, సేత్‌థీ అంటే శ్రేష్ఠి, మన శెట్టిగారే.

పైన పటారం లోన లొటారానికి థాయ్‌లో "ఫక్‌ఛీ రోయ్ నా", పైన కొత్తిమీర చల్లారని. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే ముందురోజు గోడకి సున్నం కొడతారు చూడండి, దాన్నంటారు. ఇక్కడ ఫ అంటే ప కింద ఒత్తు, ఇంగ్లీషు ఎఫ్ కాదు. ఎఫ్ పెట్టి పలికారో, కొత్తిమీర అడగబోయి ఈ పాఠంలో మనం నేర్చుకోని మాట అనేస్తారు.

పుట్టుకని తిట్టేవి

ఇవి అర్థం చేసుకోవడానికి మాత్రమే, వాడటానికి కాదు. వల్గర్ లాటిన్ వుల్గుస్ నుంచి వచ్చింది, అంటే జనం, మామూలు జనం. జనానిది కాబట్టి చెడ్డది, అంతకుమించి అందులో ఏ నేరమూ లేదు. థాయ్‌లో ఫ్రై అంటే పాతకాలం రాచరికంలో దొరల కింద వెట్టి చేసిన సామాన్యుడు. అదే మాట తర్వాత సంస్కారం లేనివాడనే తిట్టయింది. 2010లో ప్రభుత్వం దిగిపోవాలని బాంకాక్ వీధుల్లోకొచ్చిన ఎర్రచొక్కాల ఉద్యమంవాళ్లు ఆ తిట్టునే తీసుకుని, అవును మేం ఫ్రైలమే అని టీషర్టుల మీద వేసుకున్నారు. ఎదుటి పక్షానికి వాళ్లు పెట్టిన పేరు అమ్మాత్, మన అమాత్యుడే.

మనమేం తక్కువ తినలేదు. గ్రామ్యం అంటే ఊరిది అని, అంతే. గిడుగు రామమూర్తి వాడుక భాషలో రాయమన్నప్పుడు పండితులు ఆ భాషని తిట్టిన మాట అదే. బాంకాక్‌వాళ్లు సియావ్ అని వెక్కిరిస్తారు, చవకబారు, పాత సినిమా డైలాగులాంటి వాడు అని. థాయ్‌లాండ్‌కి ఈశాన్యాన ఉన్న ఈశాన్ ప్రాంతంలో ఆ మాటకి ప్రాణస్నేహితుడని అర్థం. ఈశాన్ మనిషి ముందు ఈ మాట ఎగతాళిగా వాడితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఇక సథున్, ఇది మన స్థూలం. ఇక్కడ లావు, మోటు లెక్క, అక్కడ నీచుడు.

మిగిలింది అశ్లీలం, దీని గురించి ఎక్కువ చెప్పను. లామోక్ అంటే బూతు, ఇంగ్లీషు అబ్సీన్. అనాచాన్ అంటే మన అనాచారమే. కానీ మనకి అనాచారమంటే మడి తప్పడం, మహా అయితే అమ్మమ్మ కసురుతుంది. థాయ్‌లాండ్‌లో అది క్రిమినల్ కోడ్ 278వ సెక్షన్, ఒంటి మీద చెయ్యి వేసినవాడి మీద పెట్టే కేసు. ఆ మాటని సరదాకి కూడా నోట్లోకి రానివ్వకండి. మర్యాద లేదని చెప్పాలంటే మై మీ మారయాత్ చాలు, మర్యాదే మారయాత్. అక్కడ ఈ మై 'లేదు', స్వరం మారితే పైన చూసిన 'కొత్త'.

ఇప్పుడు ఆ పెళ్లి చొక్కా. ఇంగ్లీషులో గాడీ. థాయ్‌లో, "సుఅ ఛూత్‌ఛాత్ పై నొయ్". సుఅ అంటే చొక్కా.

వచ్చేసారికి మూడు వాక్యాలు. ఒకటి: "కొత్తగా డబ్బొచ్చింది కదా, గేటుకి కూడా బంగారు రంగు వేయించాడు." రెండు: "రాని ఫ్రెంచి ముక్కలు మాట్లాడుతుంది." మూడు: "భోజనాల దగ్గర అలాంటి జోకులేంటండీ?" మూడింటిలో తప్పు వస్తువుదా, పనిదా అని ముందు పక్కన రాసుకుని ఆ తర్వాతే డిక్షనరీ తెరవండి. రెండోదానికి రెండు జవాబులున్నాయి, ఒకటి అత్తగారి ముందు అనగలిగేది, ఒకటి అనలేనిది. 8వ పాఠంలో పిసినారితనం, ఖీ తో మొదలయ్యే మాటలు ఇంకా చాలా ఉన్నాయి.