క్రైసిస్ పక్కన ఏ మాట పెట్టాలి?

ఇంగ్లీషులో క్రైసిస్ అనే మాట అందరికీ తెలుసు, చిక్కల్లా దాని పక్కన ఏం పెట్టాలన్నదే. తెలుగులో అనుకుని గబగబా "క్రైసిస్ కేమ్", "క్రైసిస్ వెంట్" అనేస్తాం, అవతలివాళ్లకి అర్థమవుతుంది కూడా, కానీ చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. అలాగని పొడుగాటి జాబితాలు బట్టీ పట్టకండి, రెండు రోజుల్లో మర్చిపోతారు. సంక్షోభం ఇప్పుడు ఏ దశలో ఉందో చూసుకుని దాన్ని బట్టి క్రియ ఎంచుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంకా రాలేదు కానీ వచ్చేలా ఉంది అంటే "ఎ క్రైసిస్ ఈజ్ లూమింగ్". వచ్చి పడిందా, "ఎ క్రైసిస్ బ్రోక్ అవుట్" లేదా "ఎరప్టెడ్". దేనివల్ల వచ్చిందో చెప్పాలంటే "కాజ్" తప్పేం కాదు, కానీ ఒక్కసారిగా రాజుకుందని చెప్పడానికి "ట్రిగ్గర్", "స్పార్క్" బాగా కుదురుతాయి. 2008 ఆర్థిక సంక్షోభం గురించి చెప్పాలనుకోండి. అమెరికాలో జనం సబ్‌ప్రైమ్ ఇంటి అప్పులు (తిరిగి కట్టే స్తోమత అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకి ఇచ్చినవి) కట్టలేకపోవడం "ట్రిగ్గర్డ్ ద క్రైసిస్", ఆ సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు దివాలా పిటిషన్ వేశాక "ద క్రైసిస్ డీపెన్డ్", ఆ దెబ్బకి చాలా దేశాలు "వర్ ప్లంజ్డ్ ఇన్‌టు క్రైసిస్". ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా వాడేది "ఇంక్రీజ్డ్". వద్దు. ధరలు ఇంక్రీజ్ అవుతాయి, అప్పులు ఇంక్రీజ్ అవుతాయి, క్రైసిస్ మాత్రం డీపెన్ అవుతుంది, వర్సెన్ అవుతుంది, రెండు పక్షాలు పంతాలకు పోయే వ్యవహారమైతే ఎస్కలేట్ అవుతుంది.

అసలు తికమక అంతా ముగింపు దగ్గరే. "అవర్ట్", "డీఫ్యూజ్", "రిజాల్వ్" మూడూ ఒకటే అనుకుని ఏది గుర్తొస్తే అది పడేస్తుంటారు. 1962 అక్టోబర్ చూడండి. క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉన్నాయని అమెరికాకి తెలిసింది, అమెరికా అధ్యక్షుడు కెనెడీ నౌకాదళంతో చుట్టూ కాపలా పెట్టించాడు, చివరికి అక్టోబర్ 28న క్షిపణులు వెనక్కి తీసుకుంటామని సోవియట్ నేత కృశ్చేవ్ ప్రకటించాడు. దీన్ని "ద క్రైసిస్ వజ్ అవర్టెడ్" అంటే కుదరదు, ఎందుకంటే సంక్షోభం వచ్చేసింది, అందరూ చూశారు. రాకుండా తప్పింది యుద్ధం. కాబట్టి "ద క్రైసిస్ వజ్ డీఫ్యూజ్డ్ అండ్ వార్ వజ్ అవర్టెడ్". డీఫ్యూజ్ అంటే పేలబోయేదాన్ని పేలకుండా చల్లార్చడం. రాసేటప్పుడు దీన్ని డిఫ్యూజ్‌తో కలిపేయకండి, అది వ్యాపించడం, అర్థం తలకిందులవుతుంది. ఇక రిజాల్వ్ అంటే మూలం దగ్గర పరిష్కరించడం, దానికి సాధారణంగా కొంచెం టైమ్ పడుతుంది.

మీరు పరిష్కరించలేదు, ఎలాగోలా తట్టుకుని గట్టెక్కారు అంతే అనుకోండి, అప్పుడు "వి వెదర్డ్ ద క్రైసిస్" లేదా "రోడ్ ఇట్ అవుట్". మామూలు మాటల్లో "వి గాట్ త్రూ ఇట్" చాలు. ఎదుర్కొంటున్నాం అనడానికి "వి ఆర్ ఫేసింగ్ ఎ క్రైసిస్" సరిపోతుంది, మధ్యలో "విత్" అక్కర్లేదు. "విత్" పెట్టాలని మరీ ముచ్చటగా ఉంటే "వి ఆర్ ఫేస్‌డ్ విత్ ఎ క్రైసిస్" అనండి.

విశేషణాల సంగతి తేలిక: సీరియస్, సివియర్, అక్యూట్, బాగా ముదిరిపోతే ఫుల్ బ్లోన్. "హెవీ క్రైసిస్" ఎవరూ అనరు.

ఒక చిన్న "ఎ" ఎంత పని చేస్తుందో చూడండి. "ద కంపెనీ ఈజ్ ఇన్ క్రైసిస్" అంటే కంపెనీ పీకల్లోతు కష్టాల్లో ఉందని. "షి ఈజ్ గుడ్ ఇన్ ఎ క్రైసిస్" అంటే ఆవిడకి కష్టాలున్నాయని కాదు, ఎలాంటి కష్టం వచ్చినా కంగారు పడకుండా నిలబడుతుందని. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పుకోవడానికి పనికొచ్చేది రెండోదే.

ఆఫీసు మెయిల్‌లో "బిగ్ క్రైసిస్ కేమ్ ఇన్ ప్రాజెక్ట్, ప్లీజ్ సాల్వ్" అని రాసే బదులు ఇలా రాయండి: "ద సర్వర్ ఫెయిల్యూర్ హాజ్ ట్రిగ్గర్డ్ ఎ సీరియస్ క్రైసిస్. వి ఆర్ ట్రైయింగ్ టు కంటెయిన్ ఇట్ బిఫోర్ ఇట్ ఎస్కలేట్స్." కంటెయిన్ అంటే ఇంకా పాకకుండా కట్టడి చేయడం. సర్వర్ పది నిమిషాల్లో లేచేదైతే మాత్రం దాన్ని క్రైసిస్ అనకండి, "ఇష్యూ" అనండి చాలు, లేకపోతే నిజంగా కొంప మునిగిన రోజున మీ మెయిల్ ఎవరూ తెరవరు. రెండు మూడు కలిసి వస్తే అవి "క్రైసీజ్", "క్రైసిసెస్" కాదు.